చేత్తో రాసిన కవరు

మూడు నెలలు ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని కిటికీ కోసం పోట్లాడుకున్నాక, అతను ధైర్యం కూడగట్టుకుని ఆమె చేతిలో ఓ కవరు పెట్టాడు.

“మెసేజ్ పెడితే పోయేదిగా!” అని నవ్వబోయిన ఆమె, పైన తన పేరు చూసి ఆగిపోయింది. “ఇది మీ రాతేనా?”

“ముత్యాల్లా ఉందంటారు. ఆఫీసులో నా పేరే ముత్యం!” పొంగిపోయాడు.

“రేపు మా ఆఫీసుకి రండి, ముత్యంగారూ.”

ఆమెది వినియోగదారుల ఫిర్యాదుల ఆఫీసు. మహానుభావుడు కొత్త చొక్కా వేసుకుని మరీ వెళ్లాడు. ఆమె బల్ల మీద కవర్ల కట్ట విప్పింది. అన్నిటి మీదా అతని అక్షరాలే.

అడగనివాళ్లకి లోన్ ఆఫర్లు పంపే కంపెనీలో, కవర్ల మీద అడ్రసులు రాయడం అతని ఉద్యోగం. అచ్చు కవరైతే జనం చెత్తబుట్టలో వేస్తారు. చేత్తో రాస్తే అయినవాళ్ల ఉత్తరమనుకుని విప్పుతారు.

“ఇంత ఓపిగ్గా రాసినవాళ్లు మోసం చేస్తారా అని మా అమ్మమ్మ లోన్ కాగితం మీద సంతకం పెట్టేసింది,” అందామె.

“లోపల ఏముందో నాకు...” తెలియదనబోయి నోరు మూసుకున్నాడు. తెలుసు. తెలిసే రాశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

కట్ట చివర అతని ప్రేమలేఖ, విప్పకుండా ఉంది.

“అడగని ఆఫర్లు విప్పొద్దని ఊరంతటికీ చెప్పేదాన్ని, నేనే విప్పుతానా?” అందామె.

అతను దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడే ఉద్యోగం మానేసి, కంపెనీ మీద సాక్ష్యం రాసిచ్చాడు. ఆమె ఆఫీసు జనానికి పంపే హెచ్చరికలు ఎవరూ విప్పడం లేదని తెలిసి, అక్కడే ఓ మూల కూర్చుని వాటి మీద అడ్రసులు రాయసాగాడు. ఆమె వైపు తలెత్తడానికి మొహం చెల్లలేదు.

నెల తర్వాత అమ్మమ్మ ఓ హెచ్చరిక కవరు పట్టుకుని వచ్చింది. “ఇది చదివాకే ఫిర్యాదు ఇవ్వాలనిపించిందే. రాసిందెవరు?”

అతనే లేచాడు.

“నేనేనండీ, మామ్మగారూ. మిమ్మల్ని ముంచిన మొదటి కవరు మీద రాసిందీ నేనే. క్షమించండి.”

అమ్మమ్మ కవరు మీది రాతని మరోసారి చూసింది.

“అక్షరాలు అప్పుడూ బాగానే ఉన్నాయి. బుద్ధే ఆలస్యంగా వచ్చింది,” అని మనవరాలి వైపు తిరిగింది. “సిగ్గుపడేవాడు బాగుపడతాడే. ఇంటికి రమ్మను.”

ఆమె అతని ముందు చెయ్యి చాపింది. “ఆ కవరు ఇలా ఇవ్వండి.”

“అడగనివి విప్పనన్నారుగా?” అతను జేబులోంచి ప్రేమలేఖ తీశాడు.

“ఇప్పుడు అడుగుతున్నాను.”