ఫాయిజాకు చెప్పని మాట

మధ్యాహ్నం అన్నాల గంట తరువాత ఫాయిజా బడిలో కనబడలేదు. రెండో తరగతి పిల్ల... అంత భద్రాచలంలో ఎక్కడని వెతుకుతారు? షబ్రీన్ కాళ్ళకు చెప్పులైనా లేకుండా ఒక దిక్కుకు, పరుపుల దుకాణం మూసేసి ఆమె భర్త, పిల్ల తండ్రి ఖయ్యూం ఇంకో దిక్కుకు పరుగెత్తారు. చివరికి పిల్ల బస్టాండులో దొరికింది. ఖమ్మం బస్సులో కిటికీ పక్కన, బడి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"దవాఖానకు పోతున్న. మా అమ్మీని తోలుకొస్త," అని కండక్టరుకు చెబుతోంది.

షబ్రీన్ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. "నువ్వు వచ్చినవనే అమ్మీ వస్తలేదు. నువ్వు పో."

ఆ అమ్మీ రిజ్వానా, ఖయ్యూం మొదటి భార్య. విషజ్వరంతో ఖమ్మం ఆసుపత్రిలో కన్నుమూసి రెండేళ్ళు దాటింది. పుట్టినూరు ముదిగొండలోనే మట్టి చేశారు. అప్పుడు ఫాయిజా దమ్మపేటలో పెద్దమ్మ ఇంట్లో ఉంది. తిరిగి వచ్చిన పిల్ల తల్లి కోసం ఇల్లంతా వెతుకుతుంటే చూడలేక, "అమ్మీ దవాఖానల ఉన్నది, మంచిగైనంక వస్తది," అని నానమ్మ బేగం చెప్పింది. ఆ పూటకు ఏడుపు ఆపడానికి చెప్పిన మాట... దాన్ని దిద్దే ధైర్యం తరువాత ఎవరికీ రాలేదు. నిరుడు కొత్త కోడలిగా అడుగుపెట్టిన షబ్రీన్‌కు కూడా నోరు జారవద్దని గట్టిగా చెప్పారు. ఆమె జారలేదు. ఇవాళ బస్సులో పిల్ల ముఖం చూశాక, ఇన్నాళ్ళూ నోరు మూసుకుని తప్పు చేశానేమో అనిపించింది.

సాయంత్రం బేగం తేల్చేసింది. "బడి మాన్పిద్దాం. దమ్మపేటకు తోలితే ఆళ్ళ పెద్దమ్మ చూసుకుంటది."

"అత్తమ్మా, బడికి గురువారం గురువారం సునంద మేడమని కౌన్సెలర్ వస్తదంట. పిల్లతోని, తల్లిదండ్రులతోని మాట్లాడుతదంట. హెడ్మాస్టర్ సారు రమ్మన్నడు."

"పిచ్చి డాక్టరా? సవతి తల్లి వచ్చి పిల్లకు పిచ్చి ముద్ర ఏయించిందని ఊరంతా అంటది. ఆ మాట పడతవా?"

సవతి తల్లి... ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. భర్త వైపు చూసింది. అతను తల వంచుకునే ఉన్నాడు. షబ్రీన్ కళ్ళు తుడుచుకుంది.

"పడత అత్తమ్మా. పిల్లను మాత్రం ఎక్కడికీ తోలనియ్య. గురువారం నేను తీసుకపోత."

సునంద ముందుగానే చెప్పింది: "ఇది పిచ్చికి వైద్యం కాదమ్మా. పిల్లలు బాధను మాటల్లో చెప్పలేరు. ఆటల్లో చెప్తరు. ఫాయిజా నాకు చెప్పినవన్నీ మీకు చేరవెయ్యను. తనకు ఆపద ఉన్న మాటైతే మాత్రం దాచను."

మొదటి వారం ఫాయిజా నోరు విప్పలేదు. బంకమట్టితో వరుసగా మంచాలు చేసి పెట్టింది. తరువాతి వారం ఆ మంచాలలో ఒకదాని మీద బొమ్మను పడుకోబెట్టింది. ఆపై వారం సునంద తల్లిదండ్రులిద్దరినీ రమ్మంది. ఖయ్యూం గిరాకీ ఉందన్నాడు. షబ్రీన్ తిన్నగా దుకాణానికి వెళ్ళి, దూది బస్తాల మధ్య అతని ఎదురుగా నిలబడింది.

"గిరాకీ లేదు. మీకు భయం ఉన్నది."

ఖయ్యూం చేతిలోని సూది ఆగిపోయింది. కుట్టు పక్కన పెట్టి ఏడ్చేశాడు. "ఉన్నది. బిడ్డకు ఆ మాట చెప్తే... రిజ్వానా నిజంగనే పోయినట్టయితది, షబ్రీన్."

భర్త మరొకరి కోసం అంత ఏడ్వడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక్క క్షణం అసూయ కలిగింది. అయినా దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. "ఆమెను మరువమని అడుగుతలేను. బిడ్డ ఒక్కతే ఎదురుచూస్తున్నది. తోడు పోదాం పాండ్రి."

ఆ రోజు సునంద మెల్లగా చెప్పింది: "మీకు చెప్పమని ఫాయిజా ఒప్పుకున్న మాటే చెప్తున్న. అమ్మీ వస్తలేదంటే ఎవరిదో తప్పు ఉండాలనుకుంటున్నది. ఒకనాడు షబ్రీన్‌ది అంటది. ఇంకొకనాడు, 'నేను అల్లరి చేసిన గదా, అందుకే రాదు' అంటది."

ఖయ్యూం రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"నిద్రపోయింది, దూరం పోయింది అనకుండ్రి. చనిపోయిందనే చెప్పాలె, మీ నోటితోనే. ఏడిస్తే ఆపొద్దు. మళ్ళ మళ్ళ అడుగుతది, ప్రతిసారీ అదే జవాబు ఇయ్యాలె. క్లాసులో ఏడుపొస్తే బయటికొచ్చి కూసోనియ్యమని టీచరుకు నేను చెప్త. ఒక్క రోజుల మారదు. నేను వస్తనే ఉంట."

ఆదివారం పొద్దున ఖయ్యూం బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాడు. మాట తడబడింది గానీ దారి తప్పలేదు. ఫాయిజా మొదట వింతగా చూసింది. తరువాత చిన్న పిడికిళ్ళతో తండ్రి రొమ్ము మీద కొట్టింది. "అబద్ధం చెప్పినవ్ అబ్బా... అబద్ధం చెప్పినవ్..."

గుమ్మంలో నిలబడ్డ బేగం ఇక ఆగలేకపోయింది. వచ్చి నేల మీద కూలబడింది. "మీ అబ్బ కాదు బిడ్డా, చెప్పింది నేను. నీ ఏడుపు చూడలేక చెప్పిన. నన్ను కొట్టు." పిల్ల నానమ్మ మెడ చుట్టూ చేతులు వేసి వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

వారం తిరిగాక ఫాయిజా తనే అడిగింది, అమ్మీని ఎక్కడ పెట్టారని. అందరూ ముదిగొండ వెళ్ళారు. తండ్రీ కూతురూ ఖబరస్తాన్ లోపలికి నడిచారు. ఆడవాళ్ళిద్దరూ గేటు బయట వేపచెట్టు కింద ఆగారు.

"నిన్ను సవతి అన్న..." బేగం కోడలి వైపు తిరిగింది. "కన్నతల్లి ఉన్నా ఇంత పట్టు పట్టకపోయేది బిడ్డా." కోడలి తలను దగ్గరికి తీసుకుంది. షబ్రీన్ ఇన్నాళ్ళు ఆపుకున్న ఏడుపు అత్తగారి భుజం తడిపింది.

ఫాయిజా బయటికి వచ్చింది. మోకాళ్ళ నిండా మట్టి. షబ్రీన్ ఎదుట నిలబడి ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది.

"నువ్వు గూడ దవాఖానకు పోతవా?"

ఎన్నటికీ పోనని చెప్పి గుండెకు హత్తుకోవాలనిపించింది షబ్రీన్‌కు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"రోగమొస్తే పోత బిడ్డా. కానీ నీకు చెప్పే పోత. నాకేమైనా సరే, నీకు నిజమే చెప్తరు."

పిల్ల తల ఊపింది. "సరే," అంది. తరువాత, మట్టి దులపమని మోకాలు ముందుకు చాపింది.