మట్టికోట కింది కపాలం

పితృదేవతలను తలచుకునే పెత్రమాస నాటి మిట్టమధ్యాహ్నం... ఖిలా వరంగల్ మట్టికోటపై సూర్యబింబాన్ని కబళించిన కారుమేఘం! పట్టపగలే గుడ్లగూబ కూసింది. దిక్కులదిరేలా ఉరిమింది.

కోటగోడ అడుగున, అప్పుడే తవ్వితీసిన కపాలానికి మాంత్రికుడు మొండయ్య రక్తతిలకం దిద్దాడు. ఎదుట ముగ్గులో, అతడి వశీకరణానికి లోబడి నడిచివచ్చిన లావణ్య... శిలాప్రతిమలా! దయ్యం వదిలిస్తానంటూ అతడు లావణ్య అక్క రమ్యను వాతలు పెట్టి చంపుతుండగా చూసిన ఏకైక సాక్షి ఆమె. మరునాడే న్యాయస్థానంలో వాంగ్మూలం. ఈలోగా ఆ నాలుక పడిపోవాలి... అదే అతడి సంకల్పం!

శతాబ్దాల క్రితం ఇక్కడ ఒక దోపిడీ దండు విరుచుకుపడింది. రాజసైన్యం సుదూరాన ఉండగా, హడావుడిగా పోగైన రైతులూ నేతగాళ్లూ కొడవళ్లతో ఎదిరించి నేలకొరిగారు. దండును మాత్రం గోడ దాటనివ్వలేదు. నేటికీ ఊరి స్త్రీలు పెత్రమాసకు ఇక్కడ నేలపై కల్లు ధారగా సాక పోస్తారు. అది దండు నాయకుడి ప్రేతాన్ని శాంతింపజేయడానికేనని మొండయ్య నమ్మాడు. అందుకే సరిగ్గా ఆ చోటే తవ్వాడు.

సాక ముంతతో వచ్చిన లావణ్య తల్లి మొగిలమ్మ కెవ్వుమంది.

"ఓ నా బిడ్డా! అరేయ్ మొండిగా, పెద్దదాన్ని మింగినవ్, ఇంకా నీ కడుపు నిండలేదారా?"

"ఆడనే ఆగు ముసలీ! జర నిలవడి తమాషా చూడు!" అని వికటాట్టహాసం చేసి, అతడు కపాలం వైపు తిరిగాడు. "లే, దండు నాయకా! దీని నాలుక తెంపు!"

లావణ్య దేహం విల్లులా వంగింది... కనుగుడ్లు తెల్లబడ్డాయి... ఆ కంఠం నుంచి పురుషస్వరం!

"నాయకుడెవడురా? పొలం కాడ్నుంచి కొడవలి వట్టుకొని ఉరికొచ్చినోణ్ణి నేను! ఏటేటా మా ఆడబిడ్డలు నాకు సాక వోస్తాన్రు. ఎవలి బిడ్డను ముగ్గుల నిలవెట్టినవ్రా?"

మొండయ్య చేతులు జోడించాడు. "తప్పైంది! యాటను కోసిస్త... ఏది కావాల్నంటే అదిస్త!"

"రమ్యనియ్యి!"

అతడు కపాలాన్ని వదిలి గోడ వెంట వెనక్కి జరిగాడు.

మెరుపు మెరిసింది. గోడ పొడవునా వందల కొడవళ్లు తళుక్కుమన్నాయి... మరుక్షణం మట్టిచరియ విరిగిపడింది! అతడి ఆర్తనాదం మధ్యలోనే తెగిపోయింది. కపాలమూ తన మట్టిలోకి తాను చేరుకుంది.

"అమ్మా..." లావణ్య తల్లి ఒడిలో ఒరిగింది.

మరునాడు, నిందితుడి బోను ఖాళీగానే ఉన్నా, ఆమె జరిగినదంతా చెప్పింది.

అప్పటి నుంచి పెత్రమాసనాడు మొగిలమ్మ రమ్య పేరు కూడా చెప్పి సాక పోస్తుంది. మొండయ్యను చరియ కప్పిన చోటుకు రాగానే, ఒక్క చుక్కా ఒలకకుండా ముంతను నిటారుగా పట్టుకొని దాటిపోతుంది.