పసుపు పెట్టిన చెక్కు

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. నా పెళ్లికి బాపు పంపిన కానుకను నేను వద్దని తిప్పి పంపానని అనుకుంటూనే ఆయన మిగిలిన రోజులన్నీ గడిపేస్తాడేమోనని. పాపకు ఇప్పుడు మూడో నెల. దానికి పాలు పడుతున్నా, జోకొడుతున్నా ఈ ఆలోచన వదలదు. నేను ఉలిక్కిపడితే అదీ ఉలిక్కిపడుతుంది.

చెప్పబోయేది నిజానికి ప్రేమకథ. ఏడుస్తూ చెప్తే ఎవరూ చదవరు, ప్యాంటు దగ్గర మొదలుపెట్టు అంటాడు మా ఆయన సుధాకర్. మొదలైంది అక్కడే కాబట్టి అలాగే చెప్తాను.

నా పేరు పద్మలత. మాది సిరిసిల్ల. బాపు సదానందం పవర్‌లూమ్ మీద నేస్తాడు. మావాళ్లు దాన్ని సాంచా అంటారు. అవ్వ, అంటే మా అమ్మ, పోయాక నేను ఇంటర్ మధ్యలో మానేసి కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను. మస్కట్‌లో టైలర్ దుకాణంలో పనిచేసే మా చిన్నమ్మ వినోద కొన్నాళ్లకు నన్నూ తన దగ్గరికి పిలిపించుకుంది.

ఆ దుకాణానికి ఒక సాయంత్రం ఒకతను కంపెనీ యూనిఫాం ప్యాంటు పట్టుకుని వచ్చాడు. పొడుగు తగ్గించమని అంతకుముందు ఇచ్చిన ప్యాంటే అది. తగ్గించింది నేనే. కౌంటర్ మీద పరిచి హిందీలో చాలాసేపు వాదించాడు. నాకు అప్పటికి హిందీ సగమే అర్థమయ్యేది. తల ఊపుతూ నిలబడ్డాను. ఆఖరికి విసిగిపోయి తనలో తానే గొణుక్కున్నాడు.

"గీ పొట్టి ప్యాంటు ఏసుకొని డ్యూటీకి వోతే సూపర్‌వైజర్ నన్ను బడికి తోలుతడు."

నవ్వు ఆపుకోలేకపోయాను. "తోలితె పో. నేనైతే ఇంటర్ల ఆపిన. నువ్వన్న సదువుకో."

అతను ప్యాంటు వదిలేసి నా ముఖం చూశాడు. ఏ ఊరని అడిగాడు. చెప్పాను. తనది మంథని అన్నాడు. డబ్బులు వాపసు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనియ్యి. రెండేండ్ల సంది గీ ఊర్ల నన్ను మన మాటల ఎవ్వలూ తిట్టలే."

అతనే సుధాకర్. ఆ తర్వాత వారానికో ప్యాంటు తెచ్చేవాడు. ఒకదానికి బొందు, ఒకదానికి గుండీ, ఒకదానికి ఏమీ లేదు, ఊరికే చూడమని. మా చిన్నమ్మ మిషన్ ఆపి కళ్లజోడు మీది నుంచి అతన్ని చూసేది. అతను వెళ్లాక నన్ను అడిగింది.

"ఆ పోరనికి కాళ్లు ఎన్నున్నయే?"

మస్కట్‌లో వాన అరుదు. పడినప్పుడు జనం లోపలికి పరుగెత్తరు, తడవడానికి బయటికి వస్తారు. అలాంటి ఒక రోజు మా వీధివీధంతా రోడ్డు మీదే ఉంది. సుధాకర్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చి దుకాణం షట్టర్ పక్కన నిలబడ్డాడు. జుట్టు నుంచి నీళ్లు కారి కళ్లలో పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. వాన గురించి ఏదో అంటాడనుకున్నాను.

"మా ఇంట్ల అడుగుతె ఒప్పుకోరు. మీ బాపు సుత ఒప్పుకోడు. నువ్వు ఒప్పుకుంటవా? ముందుగాల గది చెప్పు."

ఆ తడి బట్టలు రేపు తెచ్చిస్తే ఇస్త్రీ చేసిస్తానని మాత్రం అనగలిగాను. అతను దాన్నే జవాబుగా తీసుకుని ఆ వానలోనే రూముకు నడిచి వెళ్లిపోయాడు. బస్సుకు డబ్బులున్నాయి, మరిచిపోయాడట.

ఇక బాపు సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లు సాంచాల చప్పుడు మధ్య నిలబడ్డ మనిషి, చెవులు దాదాపు పోయాయి. ఫోన్‌లో ఏమీ వినపడదు. చదువు లేదు, సంతకం ఒక్కటే నేర్చుకున్నాడు. నేను ఏం చెప్పాలన్నా పక్కింటి శంకరవ్వకు ఫోన్ చేస్తే ఆమె వెళ్లి చెవి దగ్గర గట్టిగా చెప్పేది. ఎవరేం చెప్పినా ఆయన తల ఊపుతాడు. వినపడినా ఊపుతాడు, వినపడకపోయినా ఊపుతాడు.

నా పెళ్లి మాట కూడా అలాగే వెళ్లింది. మంథని అబ్బాయి, రైతుల ఇల్లు, మన కులం కాదు. శంకరవ్వ రెండుసార్లు చెప్పిందట. ఆ రోజు మాత్రం బాపు తల ఊపలేదు. లేచి సాంచాల షెడ్డుకు వెళ్లిపోయాడు. మంథనిలో అత్తామామలైతే ఫోన్ ఎత్తడమే మానేశారు.

మస్కట్‌లో గుడిలో పెళ్లి చేసుకున్నాం. సుధాకర్ రూమువాళ్లు, చిన్నమ్మ, మా దుకాణం వాళ్లు వచ్చారు. మన దగ్గర పెళ్లిలో చదివించినట్టే అంజన్న నిలబడి ఎవరెవరు ఎన్ని రియాళ్లు పెట్టారో గట్టిగా చదివాడు. అంజన్నదీ సిరిసిల్లే, సుధాకర్ కంపెనీలోనే పని. అన్ని పేర్లూ చదివాడు, బాపు పేరు తప్ప. సుధాకర్ నా వైపు చూసి కొంగుముడి కింద నా చిటికెన వేలు పట్టుకున్నాడు. ఆ రోజంతా వదల్లేదు.

ఆరేడు నెలలు గడిచాయి. నాకు కడుపు నిలబడింది. ఆ సంగతి శంకరవ్వ చెప్పినప్పుడు బాపు నవ్వాడట. నాకు ఐదో నెలలో అంజన్న సెలవు మీద సిరిసిల్ల వెళ్లాడు. సెలవు అయిపోయాక తిరిగొచ్చి, మా గదిలో కూర్చుని, చొక్కా లోపలి జేబులోంచి ఒక మడిచిన రుమాలు తీశాడు. అందులో బ్యాంకు చెక్కు. పదివేల నూటపదహారు రూపాయలు. నాలుగు మూలలా పసుపు దట్టంగా పెట్టి, మధ్యలో కుంకుమ బొట్టు.

బాపు జీవితంలో చెక్కు రాసిన మనిషి కాదు. నోట్లు ఇస్తే పెళ్లి కానుకలా ఉండదని, పేర్లు ఉండాలని పట్టుబట్టి బ్యాంకులో చెక్కుబుక్కు అడిగాడట. రాసింది బ్యాంకు సారు. పేర్లు చెప్పింది బాపు.

"ఇనవడనోళ్లు గట్టిగ మాట్లాడుతరు గదనే. బ్యాంకంత ఇనవడెటట్టు చెప్పిండు, పద్మలత, సుధాకర్ అని. గాయన ఎవరని సారు అడిగితె, నా అల్లుడు అన్నడు."

అంజన్న ఇది చెప్తుంటే సుధాకర్ కిందికి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చెక్కును తన ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. తన పేరు ఉన్న చోటును వేళ్లతో పెద్దది చేసి చూసుకున్నాడు. తన తల్లిదండ్రులు ఏడాదిగా పలకని పేరు అది.

మర్నాడే ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. పైసల కోసం కాదు. ఆ డబ్బు బాపు ఖాతాలోంచి తగ్గితేనే కదా కానుక మాకు అందినట్టు. కౌంటర్‌లో ఉన్నతను చెక్కును రెండు వేళ్లతో అంచు పట్టుకుని ఎత్తాడు. వాసన చూసినంత పని చేశాడు. దీని మీద కూర ఎందుకు పడిందని హిందీలో అడిగాడు. సుధాకర్ నా వైపు తిరిగాడు.

"ఇది కూర కాదు, మా మామ దీవెన. గీ మాట హిందీల ఎట్లంటరే?"

నాకూ తెలియదు. ఇద్దరం నవ్వేశాం. బ్యాంకులో అలా నవ్వడం అదే ఆఖరు. రూపాయల చెక్కు ఇక్కడ తీసుకోరని, ఇండియాలోనే వేసుకోవాలని అతను చెప్పాడు. తర్వాత కింది మూల చూపించాడు. పసుపు సరిగ్గా సంతకం మీద పడి ఎండిపోయింది. పెళ్లి బట్టలకు, పెళ్లి పత్రికలకు మనం నాలుగు మూలలా పెడతాం. బాపు చెక్కుకూ పెట్టాడు. ఏ మూల సంతకం ఉందో ఆయన చూసుకోలేదు.

బొటనవేలి గోరుతో గీకబోతే సుధాకర్ నా చెయ్యి పట్టుకున్నాడు. "గీకకు. గది బాపు పెట్టింది."

మనిషి చేత ఇండియాకు పంపాలి. వెళ్లేవాళ్లు దొరకడానికి నెల పట్టింది. ఆ చెక్కు నా చిన్ననాటి స్నేహితురాలు మమతారాణికి చేరింది. సిరిసిల్లలో నా పాత ఖాతాలో వేయమని చెప్పాను. బ్యాంకువాళ్లు సంతకం కనబడటం లేదన్నారు, పైగా తేదీ దాటి మూడు నెలలయింది, ఇది చెల్లదన్నారు. ఇచ్చినాయన దగ్గర ఇంకొకటి రాయించుకు రమ్మన్నారు. మమత మంచి మనసున్న పిల్ల. నాకు ఫోన్ చేసి పరేషాన్ చేయడం ఎందుకని నేరుగా షెడ్డుకు వెళ్లింది. వెళ్లి ఆ చెక్కును బాపు చేతిలో పెట్టింది.

మమత వాళ్ల నాన్న బడిపంతులు. సాంచాల కాడి పద్ధతి ఆమెకు తెలియదు. నేతపనికి పెట్టుకునే ఆసామి ముందుగా కొంత బయానా ఇస్తాడు. నేసేవాడు అది తీసుకుంటే ఇద్దరికీ కుదిరినట్టు. వద్దనుకుంటే మాటలేమీ ఉండవు. ఆ బయానా తెచ్చి ఆసామి చేతిలో పెట్టేసి వెళ్లిపోతాడు. కారణం చెప్పడు, ఆసామీ అడగడు. చేతికి తిరిగొచ్చిందంటే తెగిపోయినట్టే. బాపు ఈ పద్ధతిలోనే పెరిగాడు, ఈ పద్ధతిలోనే ముసలివాడవుతున్నాడు.

మమత చెవి దగ్గర చెప్పిందట. సంతకం, తేదీ, ఇంకో చెక్కు. నాలుగు సాంచాలు నడుస్తున్నాయి. బాపు అన్నిటికీ తల ఊపాడు. అప్పుడు మమతకు అనుమానం వచ్చి, ఆయన్ను బయటికి తీసుకొచ్చి నాకు వీడియో కాల్ చేసింది.

రెండేళ్ల తర్వాత బాపు ముఖం చూడటం అదే. కనుబొమ్మల మీద దూది నూగు. నాకు నెలలు నిండాయి, కూర్చోవడమే కష్టంగా ఉంది. పక్కన సుధాకర్ ఉన్నాడు. నేను ఏడుస్తూ చేతులతో సైగలు చేశాను, పసుపు అని, బ్యాంకు అని. నా ఏడుపు చూసి ఆయన వేరేగా అర్థం చేసుకున్నాడు. తిప్పి పంపినందుకు నేను బాధపడుతున్నాననుకున్నాడు. నన్ను ఓదార్చబోయాడు.

"గంతే తియ్ బిడ్డా. ఇష్టం లేనిదానికి ఎవ్వలేం జేస్తరు. నువ్వు పైలం."

జాగ్రత్తగా ఉండమని చెప్పి, ఫోన్ మమత చేతికి ఇచ్చేసి లోపలికి నడిచాడు. తెర మీద షెడ్డు తలుపు ఒక్కటే మిగిలింది. ఆయన సుధాకర్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అల్లుడు అని బ్యాంకు అంతటికీ వినిపించిన మనిషి.

సుధాకర్ ఆ రోజు అన్నం ముందు కూర్చుని తినలేదు. ఇంకో చెక్కు రాయమని బాపును అడిగిద్దామా అన్నాను. పళ్లెం పక్కకు జరిపాడు.

"ఇంకోటి అడుగుడు ఏంది పద్మా. అడుక్కున్నట్టుంటది. నేనే పోత. ఆయన ముంగట నిలబడి, గా చెక్కే ఇయ్యమంట. చెల్లకున్నా సరే, నాకు గదే కావాలె."

కంపెనీ సెలవు ఇవ్వలేదు. కొత్త పని ఒప్పుకున్నారు, వచ్చే వేసవి దాకా ఎవరినీ వదలరట. పాపకు పాస్‌పోర్టు ఇంకా రాలేదు, నేను దాన్ని తీసుకుని కదల్లేను. పురుడు అయినప్పుడు శంకరవ్వకు ఫోన్ చేశాను. ఆడపిల్ల అని, చెక్కు మేం వద్దనలేదని చెప్పింది, బాపు విన్నాడు, తల ఊపాడు. నల్లగా ఉందా ఎర్రగా ఉందా అని కూడా అడగలేదట. రెండు షిఫ్టులు నేస్తున్నాడని, వండుకోవడం తగ్గించాడని, చాయ్ మీదే ఉంటున్నాడని చెప్పింది. ఆ తర్వాత శంకరవ్వను కొడుకు భివండికి తీసుకుపోయాడు. మమత పెళ్లయి ఆదిలాబాద్ వెళ్లింది, పుట్టింటికి వచ్చినప్పుడు తప్పక పోతానంది. అది ఎప్పుడో తెలియదు. ఇప్పుడు ఆ వాడలో నా ఫోన్ ఎత్తే మనిషి లేడు.

సుధాకర్‌తో నా రోజులు బాగానే ఉన్నాయి. అది కూడా రాయాలి, లేకపోతే కథ అబద్ధమవుతుంది. డ్యూటీ నుంచి వచ్చి పాపను ఎత్తుకుని, "మీ అవ్వ నా ప్యాంటు ఖరాబు జేసింది" అని దానికి చాడీలు చెప్తాడు. నేను కోపం నటిస్తే నవ్విస్తాడు. పాప నిద్రపోయాక ఒక్కోసారి ఫోన్‌లో ఆ ఫొటో తీసి చూసుకుంటూ ఉంటాడు. నేను చూశానని తెలిస్తే వెంటనే జేబులో పెట్టేస్తాడు. ఇద్దరం ఒకరి కోసం ఒకరు నవ్వుతున్నామని ఇద్దరికీ తెలుసు.

దీన్ని చదివేవాళ్లలో ఎవరైనా సిరిసిల్ల మీదుగా పోతారేమోనని రాస్తున్నాను. కరీంనగర్ నుంచి బస్సులు చాలా ఉన్నాయి. బి.వై. నగర్‌లో దిగి, చెవులు వినపడని సదానందం అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. గట్టిగా అరవకండి, అరిస్తే తల ఊపేస్తాడు. ఎదురుగా నిలబడండి, ఆయనే సాంచా ఆపుతాడు. మీ బిడ్డ, మీ అల్లుడు వద్దనలేదు అని పెదాలు కనబడేలా నెమ్మదిగా చెప్పండి. తల ఊపితే నమ్మకండి, మళ్లీ చెప్పండి. ఆయన నోటితో ఏదైనా అనేదాకా ఉండండి. అలాగే ఆ రోజు ఏమైనా తిన్నాడో లేదో ఒకసారి చూసి నాకు చెప్పండి.