నూనెకొట్టు తొమె పళ్ళు

ఆ రేవు ఊళ్ళో సగం మంది ఇంటిపేరు ఇసొబె. అందుకని అక్కడ ఎవరినీ ఇంటిపేరుతో పిలవరు, పిలిస్తే వీధిలో సగం మంది వెనక్కి తిరుగుతారు. నూనెకొట్టు తొమె, వంతెన కినుయొ, వలల గోరో, ఇలా ఇంటి గుర్తుతోనే పిలుపులన్నీ. మూతపడిన పళ్ళ ఆస్పత్రిని తెరవడానికి నగరం నుంచి వచ్చిన డాక్టర్ ఓరియెకి ఈ సంగతి మొదటి నెలలోనే తెలిసిపోయింది. నగరంలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేసి పంపే పనివాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. అతను పెట్టెల మీద ఇంటిపేరే రాసేవాడు.

ఓరియెకి ఆ పనంటే ప్రాణం. ముద్ద కలిపి నోట్లో పెట్టి అచ్చు తీయడం, ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి మనిషి దవడని బల్ల మీద నిలబెట్టడం, మైనం మీద ఒక్కో పన్నూ పేర్చి నోట్లో పెట్టి "ఒకసారి నవ్వండి మామ్మగారూ" అనడం... ఆ నవ్వు కోసమే ఆ మంచు ఊళ్ళో ఉండిపోయింది.

ఆ చలికాలం మొదట్లో ఇద్దరు ఇసొబె ముసలమ్మలకి ఒకేసారి పళ్ళు కట్టింది. ఒకావిడ నూనెకొట్టు తొమె. మైనం పళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకుని మూతి తిప్పేసింది.

"ఇదేంటమ్మా, బడిపిల్లలు వరసలో నిలబడ్డట్టున్నాయి! నా ఎడమ కోరపన్ను కాస్త వంకరగా ఉండేది. అలాగే పెట్టు."

"వంకరగా పెడితే బాగోదేమో మామ్మగారూ."

"మా ఆయన పడిపోయిందే ఆ పన్ను చూసి. రేపు పైకి వెళ్ళాక గుర్తుపట్టొద్దూ?"

ఓరియె నవ్వుకుంటూ ఆ పన్నుని మైనంలోనే కాస్త తిప్పింది.

రెండో ఆవిడ వంతెన కినుయొ. ఒంటరి మనిషి. పాత సెట్టు రెండు ముక్కలైనప్పటి నుంచీ గంజి మీదే బతుకుతోంది, చిక్కి సగమైంది. "అందం ఎవరిక్కావాలి డాక్టరమ్మా? ముల్లంగి ఊరగాయ కరకరా నమిలితే చాలు నాకు" అంది. ఓరియె ఆవిడ చేతుల కేసి చూసింది. కినుయొ పోయిన తన అమ్మమ్మలా ఉంటుంది, అదే నడుం, అవే చేతులు.

మైనం పళ్ళు నగరానికి వెళ్ళి, గట్టి పళ్ళై పెట్టెల్లో తిరిగొచ్చిన రోజునే తొమె పోయింది. కోడలు చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది.

"ఇంకాసేపట్లో శవపెట్టె మూసేస్తారు డాక్టరుగారూ. మా అత్తయ్య బుగ్గలు లోపలికి పోయి మనిషిలా లేదు. ఆ పళ్ళు వచ్చుంటే ఇప్పించండి. నిండు ముఖంతో పంపుతాం."

ఓరియె బీరువా తీసింది. ఇసొబె అని రాసి ఉన్న పెట్టె చేతికి తగిలింది. తెరిచి చూడకుండానే రెండు చేతులతో అందించి తల వంచింది. తొమె మర్నాడు అగ్నిలోకి వెళ్ళింది.

తరవాత కినుయొ వచ్చింది. కుర్చీలో కూర్చుని నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది. ఓరియె పెట్టె మూత తీసింది. ఎడమ కోరపన్ను వంకరగా ఉంది.

ఇవి తొమె పళ్ళు. చెప్పాల్సిన మాట తెలుసు. కానీ ఎలా చెప్పడం? మీ పళ్ళు ఇంకొకరి నోట్లో పెట్టి కాల్చేశాం, పనివాడు కొత్త సంవత్సరానికి దుకాణం మూశాడు, మళ్ళీ నెల పైనే గంజి తాగండి అనా? తొమె కోడలికి ఏం చెప్పాలి? ఊళ్ళో తలెత్తుకోగలదా?

"కాస్త బిగుతుగా ఉన్నాయి మామ్మగారూ. సరిచేసి ఇస్తాను" అంది.

ఆ మధ్యాహ్నమంతా తొమె పళ్ళ లోపలి వైపు చెక్కింది. చిగుళ్ళ రంగు పొడి కలిపి కొత్త పొర పోసింది. అది గట్టిపడేలోగా కినుయొ నోట్లో పెట్టి, ఆమె చిగుళ్ళ అచ్చు దానికి పట్టించింది. అంచులు అరగదీసి నున్నగా చేసింది. చచ్చిన మనిషి కోసం చేసిన పళ్ళు బతికున్న మనిషికి అతికాయి. వంకర కోరపన్నుని మాత్రం ముట్టుకోలేదు, చెయ్యి రాలేదు.

కినుయొ సంచిలోంచి ముల్లంగి ముక్క తీసి అక్కడే కొరికింది. కరకరమంది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఓరియెకి కూడా ఏడుపొచ్చింది. చేసింది తప్పే, అయినా మంచే జరిగిందని మనసుకి సర్ది చెప్పుకుంది.

తొమె పెద్దకర్మ ఇంకా కాలేదు. అస్థికల కుండ ఇంకా ఇంట్లోనే ఉంది.

ఒక రోజు పొద్దుటి నుంచీ మంచు ఆగకుండా కురుస్తోంది. సాయంత్రం కాకముందే కిటికీలు నల్లబడ్డాయి. దారి మూసుకుపోతుందని, చీటీలు రాసే అమ్మాయిని ఓరియె ముందే ఇంటికి పంపేసింది. కిరసనాయిలు పొయ్యి సన్నగా బుసకొడుతోంది. పళ్ళ మందు వాసన, తడి కోటు వాసన. దీపం ఆర్పబోతూ బయటి గది వైపు చూసింది.

బెంచీ మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

చిన్న మనిషి. తల మీద నుంచి శాలువా, ముఖానికి గుడ్డ. చలికాలంలో ఊరంతా అలాగే తిరుగుతుంది, ఎవరని గుర్తుపట్టాలి? తలుపు గంట మోగినట్టు కూడా లేదు.

"మూసేస్తున్నానండీ... సరే, రండి మామ్మగారూ. ఇంత మంచులో వచ్చారు."

ముసలామె లేచి వచ్చి కుర్చీలో ఒరిగింది. భుజాల మీద మంచు అలాగే ఉంది. పొయ్యి పక్కనే కూర్చుని వచ్చింది కదా, ఇంకా కరగలేదేమిటి అనుకుంది ఓరియె. అనుకుని ఊరుకుంది.

"ఏమైంది?"

"గుచ్చుకుంటున్నాయమ్మా." పళ్ళు వదులై నాలుక మీద ఆడుతున్న మాట. "నిలవవు. తిననివ్వవు."

గొంతు ఎక్కడో విన్నట్టుంది. ముసలామె ముఖం మీది గుడ్డ కొంచెం కిందికి లాగి నోరు తెరిచింది. కళ్ళ మీద శాలువా నీడ. ఓరియె దీపం దించి, చిన్న అద్దం నోట్లో పెట్టింది.

పెట్టాక గుర్తొచ్చింది, అద్దాన్ని వేణ్ణీళ్ళలో ముంచలేదని. చల్లటి అద్దం నోట్లో పెడితే ఊపిరి పట్టి మసకబారుతుంది. ఎవరి నోట్లోనైనా అంతే.

అద్దం మసకబారలేదు.

ఓరియె చూస్తూ ఉంది. నోరు తెరిచే ఉంది. అద్దం తళతళలాడుతూనే ఉంది...

చలి వల్లేమో. పెద్దవాళ్ళ ఊపిరి సన్నగా ఉంటుందేమో. చేతులు అలవాటు కొద్దీ పని చేసుకుపోయాయి. పై సెట్టు పట్టుకుని కిందికి లాగింది. ఊడి వచ్చింది. వేడిగా ఉంది. గ్లౌజులోంచి కూడా చురుక్కుమనేంత వేడి. వేళ్ళకి బూడిదరంగు పొడి అంటుకుంది.

ఎక్కడ గుచ్చుకుంటుందో చూడటానికి ఒక తెల్లటి లేపనం ఉంది. సెట్టు లోపల పూసి, నోట్లో పెట్టి నొక్కితే, చిగురు తగిలిన చోట లేపనం చెదిరి గులాబి రంగు బయటపడుతుంది. ఓరియె పూసింది. పెట్టింది. బొటనవేళ్ళతో గట్టిగా నొక్కింది. తీసి దీపం కింద చూసింది.

లేపనం పూసింది పూసినట్టే ఉంది. ఎక్కడా చెదరలేదు. అంత గట్టిగా నొక్కినా అది నోట్లో దేనికీ తగల్లేదు.

 సెట్టుని వెలుతురులో తిప్పింది. తిన్నని పళ్ళు. బడిపిల్లల్లాంటి వరస. తను స్వయంగా కినుయొ కోసం మైనం మీద పేర్చిన పళ్ళు.

"ఇవి నావి కావు కదమ్మా" అంది తొమె.

ఓరియె చేతిలో సెట్టు ఇంకా వేడిగానే ఉంది.

"రోజూ అన్నం పెడుతుంది మా కోడలు. పాపం, మంచి పిల్ల. దండం పెట్టి పోతుంది. నేను నమల్లేను. అన్నం అలాగే ఉంటుంది." మాటకీ మాటకీ మధ్య ఊపిరి లేదు. "ఎంత ఆకలో తెలుసా నీకు?"

"కొత్తవి... కొత్తవి చేస్తాను మామ్మగారూ. తొందరగా..."

"కొత్తవెందుకు? నావి ఉన్నాయిగా."

పొయ్యి బుస ఆగిపోయింది.

"ఎవరి నోట్లో ఉన్నాయి?"

చెప్పకూడదు. అది ఒక్కటే తెలుసు ఓరియెకి. చెబితే ఇది అక్కడికే వెళుతుంది, గంజి తాగి తాగి చిక్కిపోయిన ఆ ఒంటరి ముసల్దాని దగ్గరికి. తప్పు తనది. తననే ఏమైనా చెయ్యమనాలి. ఆ మాటే అనబోయింది. కుర్చీలోంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు మీద వాలింది. పట్టుకోలేదు, ఊరికే వాలింది. ఆ చల్లదనం ఎముకలోకి దిగింది.

"కినుయొ" అంది ఓరియె. "వంతెన... కినుయొ."

అనేసింది. తన గొంతే అది.

తొమె గుడ్డ పైకి లాక్కుంది. పళ్ళు ఓరియె చేతిలోంచి తీసుకుంది. కుర్చీ దిగి, పద్ధతిగా తల వంచింది. "చలిలో నిన్ను ఇబ్బంది పెట్టాను" అని వెళ్ళింది. తలుపు గంట మోగలేదు. గదిలో మంచు వాసన కాదు, కాల్చి ఆర్పిన వాసన మిగిలింది.

ఓరియె ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. కోటు కూడా తొడుక్కోకుండా పరిగెత్తింది. వంతెన దాకా మోకాలి లోతు మంచు. పడింది, లేచింది. నా వల్లే, నేనే చెప్పాను, పిరికిముండని, నేనే పంపాను అని ఏడుస్తూ పరిగెత్తింది. దారి పొడుగునా మంచు మీద ఒక్క అడుగు గుర్తు లేదు. కినుయొ గుమ్మం ముందు కూడా లేదు.

లోపల దీపం వెలుగుతోంది. తలుపు జరపగానే చప్పుడు వినిపించింది.

కరకర... కరకర...

ముల్లంగి నములుతున్న చప్పుడు. ఓరియెకి ప్రాణం లేచొచ్చింది. బతికే ఉంది! చెప్పులు విడిచి లోపలికి ఉరికింది.

కినుయొ బల్ల ముందు దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. ముందు పళ్ళెం. ఓరియెని చూసి గట్టిగా నవ్వింది.

"రా రా డాక్టరమ్మా! గట్టిదానివే. మా ఇద్దరి పళ్ళూ తారుమారు చేసి నోరు మెదపలేదే!"

ఓరియె చాప మీద నుదురు ఆనించి దండం పెట్టింది. "క్షమించండి మామ్మగారూ. భయపడి చెప్పలేదు. సిగ్గుపడి చెప్పలేదు."

"పోనీలే, లే. ఇప్పుడేం మునిగిపోయింది? తొమె వచ్చింది. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే బెంచీ. తనవి తను తీసుకుంది, నావి నాకిచ్చింది. ఎవరివి వాళ్ళకి చేరాయి. ఇంకేం కావాలి?" మళ్ళీ గట్టిగా నవ్వింది. తిన్నని పళ్ళు, బడిపిల్లల వరస. వాటి మొదళ్ళలో బూడిద రంగు.

ఓరియె కన్నీళ్ళు తుడుచుకుంది. ఇంత తేలిగ్గా తీరిపోయిందా? ఈ నవ్వేమిటి, పక్కింటివాళ్ళకి వినిపించేంత గట్టిగా?

కినుయొ బల్ల మీదుగా వంగింది. నవ్వుతున్న ముఖం అలాగే ఉంది. గొంతు మాత్రం, గదిలో ఇంకెవరో వింటున్నట్టు, గుసగుసలోకి దిగింది.

"ఊడటం లేదమ్మా."

"ఏమిటి?"

"ఇందాకటి నుంచీ లాగుతున్నా. తీసెయ్. నీ కాళ్ళు పట్టుకుంటా, తీసెయ్..."

నోరు తెరిచింది. ఓరియె చూపుడువేలు పై పెదవి కిందికి పోనిచ్చింది. ఎంత బాగా కుదిరిన సెట్టుకైనా అంచంటూ ఉంటుంది, కట్టుడు చిగురు ఆగి సొంత చిగురు మొదలయ్యే చోటు. ఆ అంచు కింద గోరు దూర్చి లాగితే గాలి పోయి ఊడుతుంది. ముందు వైపు వెతికింది. బుగ్గ వైపు వెతికింది. వెనక దంతం దాకా పోయి, అంగిలి మీదుగా తిరిగి వచ్చింది.

అంచు దొరకలేదు.

మళ్ళీ వెతికింది. చిగురు నున్నగా, తడిగా, ఎక్కడా తెగకుండా పన్ను దాకా సాగింది. వేలి కింద నాడి కొట్టుకుంటోంది. పళ్ళ మొదళ్ళలో.

కినుయొ కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. నీళ్ళతో నిండిపోయి, రెప్ప వెయ్యకుండా.

పళ్ళెంలో ముల్లంగి ముక్కలు కోసినవి కోసినట్టే ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. ఓరియె వేలు ఇంకా ఆ నోట్లోనే ఉంది. దవడ కదలడం లేదు.

నమిలే చప్పుడు మాత్రం ఇంకా ఆగలేదు.