సూదికి పెట్టిన బొట్టు

"మా సూది విరిచింది మీరే!"

చిక్కబళ్ళాపురం బజారు సందులో, చిన్మయ్ సౌండ్ సర్వీస్ గడప మీద ఒక అమ్మాయి నిలబడి ఉంది. దుపట్టా సగం తడిసింది, ముఖం మాత్రం పూర్తిగా మండుతోంది. చంకలో ఒక రికార్డు ప్లేయరు. దాన్ని గొడుగు కింద భద్రంగా పట్టుకుని తను మాత్రం వానలో తడుస్తోంది.

చిన్మయ్ నోట్లో ఉన్న ఆయుధపూజ బొరుగులు గొంతుకు అడ్డం పడ్డాయి.

"ముందు లోపలికి రాండి. కొట్టేది ఉంటే ఆమేల కొడుదురుగాని. మిషన్ తడుస్తాది."

"నేను తడిస్తే పర్వాలేదా?"

"మీరు తుడుచుకుంటే సరిపోతాది. దానికి అట్ల కుదరదు."

ఆమె పేరు వినుత. చింతామణిలో బంగారు అంగడి గోవిందప్ప కూతురు. సాయంత్రం బేరాలు తగ్గాక అంగడిలో రికార్డు వేసుకుని కళ్ళు మూసుకోవడం గోవిందప్పకు ఏండ్లనాటి అలవాటు. దసరాకు ముందు ప్లేయరు బెల్టు సాగిపోతే చిక్కబళ్ళాపురం తెచ్చి చిన్మయ్ చేతనే కొత్తది వేయించాడు. ఆ రోజు చిన్మయ్ పెద్దాయనకు చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపాడు. "అప్పా, దీనికి ప్రాణమంతా సూదిలోనే ఉండాది, జాగ్రత్త" అని. పండగ అయ్యాక రికార్డు వేస్తే పాటకు బదులు గరగర వచ్చింది. ఆఖరున చెయ్యి పెట్టింది చిన్మయ్ కాబట్టి నేరం చిన్మయ్‌ది అయిపోయింది.

"మా నాయన అందరికీ చెప్తాండారు, చిక్కబళ్ళాపురం పిల్లోడు సూది విరిచేసినాడని" అంది వినుత.

"అందరికీనా?"

"అంగడికి వచ్చేవాళ్ళకి మాత్రమే. కానీ మా అంగడికి అందరూ వస్తారు."

చిన్మయ్ నిట్టూర్చి లైటు దగ్గరికి లాగాడు. ప్లేయరు చెయ్యి చివర అగ్గిపెట్టెలో సగం ఉండే డబ్బీ ఒకటి ఉంటుంది, అదే కార్ట్రిడ్జ్. దాని కింద పిల్లి మీసమంత కడ్డీ, ఆ కడ్డీ కొనన సూది. ఆ కడ్డీ ఇప్పుడు పక్కకు వంగిపోయింది. భూతద్దం పెట్టి చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత అతని పెదాల మీదికి నవ్వు వచ్చేసింది.

"ఏమండీ, ఈ సూదికి పెండ్లి గానీ చేసినారా?"

"ఏం మాటలవి?"

"మీరే చూడండి."

వినుత భూతద్దంలోకి తొంగి చూసింది. కడ్డీ చుట్టూ ఎండిపోయిన గంధం. దాని మీద ఎర్రగా, నిండుగా, కుంకుమ బొట్టు.

"మీరు పెట్టినారా?"

"నేను కాదు." ఆమె గొంతు చప్పబడిపోయింది. "ఆయుధపూజ మా నాయన ఒక్కరే చేస్తారు. తక్కెడ, సుత్తి, కాలిక్యులేటర్, స్కూటర్, అన్నిటికీ ఆయన చేత్తోనే బొట్టు. ఇంకెవర్నీ ముట్టనివ్వరు."

కోపంగా వచ్చిన పిల్ల కాస్తా స్టూలు మీద కూలబడింది.

"ఇంకేం, పోయి ఆ మాట చెప్పండి."

"మా నాయనకా? జన్మలో ఒక్క తూకం తప్పలేదని చెప్పుకొనే మనిషండీ. ఊరంతా మిమ్మల్ని అనేసి, ఇప్పుడు తప్పు తనదే అని తెలిస్తే అన్నం ముట్టరు. బీపీ కూడా ఉండాది." కాసేపు దుపట్టా కొస పిండుకుంది. తర్వాత తలెత్తి, "ఒక సహాయం చేస్తారా? కొన్ని రోజులు... మీరే విరిచినట్టు ఉండండి" అంది.

"ఉండేదానికి అదేమన్నా బాడుగ ఇల్లా?"

వినుత ఫక్కున నవ్వింది. తడి వెంట్రుకలు చెంపకు అంటుకుని, కళ్ళల్లో ఇంకా దిగులుండగానే నవ్విన నవ్వు అది. చిన్మయ్ అక్కడికక్కడే నేరం ఒప్పేసుకున్నాడు. పోలీసులకు ఇంత సుళువుగా దొరికిన దొంగ ఆ జిల్లాలోనే ఉండడు.

కొత్త కార్ట్రిడ్జ్‌లు మూడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది గుండు మొన, మొరటుది, దేన్నయినా ఓర్చుకుంటాది. ఇది కోడిగుడ్డు మొన, పాటలో సన్న పలుకులు కూడా తెస్తాది. ఇది శానా ఖరీదు, కానీ సూది పోతే మొత్తం పోయినట్టే."

"మా నాయన ఖరీదుదే కావాలంటారు."

"మీరేమంటారు?"

వినుత మూడింటినీ గాజు బీరువాలో నగలు చూసినట్టు చూసింది. "పెండ్లికి పెట్టుకొనే జుంకీలు వేరే, రోజూ పెట్టుకొనే కమ్మలు వేరే. రోజూ పెట్టుకొనేదానికి మర గట్టిగా ఉండాల, మర పోతే మరే మార్చుకొనేట్టు ఉండాల. సూది ఒక్కటే పీకి మార్చుకొనేది ఏది?"

చిన్మయ్ మధ్యదాన్ని చూపించాడు.

"అదే ఇవ్వండి."

"దీనికోసం మా గిరాకీలు నెలలు నెలలు కొట్లాడుకుంటారండీ. మీరు కమ్మల లెక్కలో తేల్చేస్తిరి." అతనికి నిజంగానే ఆశ్చర్యం వేసింది. "ఇంకొక్క సంగతి. ఈ సూది రికార్డు మీద రెండు గ్రాముల బరువుతో కూర్చోవాల. తక్కువైతే ఎగురుతాది, ఎక్కువైతే రికార్డును తినేస్తాది. నా తూకం మిషన్ చూస్తే కెట్టుపోయింది, పనిచేయదు. మీ తక్కెడ ఒకసారి పంపిస్తారా?"

"తక్కెడ గడప దాటదండీ. మా తాత కాలం నుంచీ అంతే. అది మా ఇంటి లక్ష్మి." వినుత గొడుగు తీసుకుని లేచింది. "మీరే మా గడప దాటి రావాల."

ఆమె వెళ్ళిపోయాక చిన్మయ్ సగం తెరిచున్న సొరుగును పూర్తిగా లాగాడు. లోపల తూకం మిషన్లు రెండున్నాయి. రెండూ దివ్యంగా పనిచేస్తాయి. ఎందుకు అబద్ధమాడావురా అని తనను తానే అడిగి, జవాబు చెప్పకుండా సొరుగు మూసేశాడు.

*

"రావప్పా, సూది విరిచినోడా!"

చింతామణి అంగడిలో గోవిందప్ప స్వాగతం అది. గొలుసులు చూస్తున్న ఆడవాళ్ళు ముగ్గురూ తలతిప్పి చూశారు. చిన్మయ్ "అవునప్పా, నేనే" అన్నాడు. కౌంటరు వెనక వినుత పెదవి కొరుక్కుని నేల చూపులు చూసింది.

కార్ట్రిడ్జ్ వెనక తగిలించే తీగలు నాలుగు రంగులవి, ఒక్కొక్కటీ వెంట్రుకంత. రోజూ కళ్ళు మూసుకుని చేసే పని. కానీ వినుత టార్చి పట్టుకుని పక్కనే వంగింది, ఆమె జడలో మల్లెపూలున్నాయి, అందువల్ల చిన్మయ్ వేళ్ళు మాట వినడం మానేశాయి.

"అట్ల వణుకుతాండావేమప్పా? ఇట్లనే కదా పోయినసారి విరిచింది" అన్నాడు గోవిందప్ప.

"ఇట్ల ఇవ్వండి" అని వినుత నగలు పట్టే పట్టకారు అందుకుంది. ఎరుపు, తెలుపు, పచ్చ, నీలం, నాలుగు తీగలూ చకచకా ఎక్కించేసింది. చిన్మయ్ గీతల కాగితం పరిచి సూది వంకర పోకుండా సరిచేశాడు. అంకెలు చూపే చిన్న తక్కెడను ప్లేయరు పళ్ళెం మీద పెట్టి, సూదిని మెల్లగా దాని మీదికి దించారు.

"ఫ్యాను ఆపండి. ఎవరూ గట్టిగా ఊపిరి వదలాకండి."

గొలుసుల ఆడవాళ్ళు కూడా ముక్కులు మూసుకున్నారు. చిన్మయ్ ప్లేయరు చెయ్యి వెనకనున్న గుండును వెంట్రుకవాసి తిప్పాడు. రెండున్నర. ఇంకా తిప్పాడు. రెండుంబావు. వినుత తల అతని తలకు దాదాపు తగులుతోంది. రెండు.

"రెండు గ్రాములు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

నాదస్వరం రికార్డు వేశారు. మొదటి ఆలాపనకే గోవిందప్ప కళ్ళు మూతలు పడ్డాయి. పక్క అంగడి ఆంజనేయప్ప బట్టల బేరం వదిలేసి గడప దగ్గరకొచ్చి నిలబడ్డాడు. పాట అయ్యాక గోవిందప్ప కళ్ళు తెరిచి, "బాగుండాది. అయినా విరిచింది విరిచిందే" అన్నాడు.

*

సూది కుదురుకోవాలంటే మధ్యమధ్యలో చూస్తుండాలని చిన్మయ్ ఒక శాస్త్రం కనిపెట్టాడు. ఆ శాస్త్రం ప్రకారం చింతామణి బస్సు ఎక్కుతూనే ఉన్నాడు. సూది చక్కగా కుదురుకుంది. చిన్మయే కుదురు లేకుండా పోయాడు. "మీరు" కాస్తా ఎప్పుడు "నువ్వు" అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఒకరోజు బస్టాండు పక్క హోటల్లో మసాలదోశ తింటూ చిన్మయ్ అన్నాడు. "వినుతా, నీకొక నిజం చెప్పాల. నా తూకం మిషన్ కెట్టుపోలేదు. రెండుండాయి."

"తెలుసు."

"ఎట్ల?"

"ఆ రోజే సొరుగు సగం తెరిచి ఉండె. రెండూ కనిపించినాయి."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు వచ్చేవాడివి కాదు కదా" అంది వినుత, చట్నీలోకి చూస్తూ. చెవుల దాకా ఎర్రబడింది. చిన్మయ్‌కి దోశ ఇంకా సగం ఉండగానే కడుపు నిండిపోయింది.

అతని అమ్మానాన్నలు బాగేపల్లి నుంచి సంబంధం అడగడానికి వచ్చారు. వాళ్ళదీ అంగడి సంసారమే. బంధుత్వాలు తవ్వితే ఎక్కడో పేరేసంద్రలో కలిశాయి. జాతకాలూ కలిశాయి. కాఫీలు రెండు దఫాలు అయ్యాయి. ఇక తాంబూలం తెస్తారనుకునేసరికి గోవిందప్ప గొంతు సవరించుకున్నాడు.

"అన్నీ బాగుండాయి. పిల్లోడు కూడా మంచోడే. కానీ సూది నిలపలేనోడు సంసారం ఏం నిలుపుతాడు? నేను అన్న మాట కాదు, అతనే ఒప్పుకున్నాడు. నా బిడ్డను అంత అజాగ్రత్త చేతుల్లో పెట్టలేను."

ఆ సాయంత్రం ఫోన్లో వినుత ఏడ్చింది, తిట్టింది, మళ్ళీ ఏడ్చింది. "ఇప్పుడే పోయి చెప్పేస్తా నాయనకి, విరిచింది ఆయనేనని!"

"వద్దు వినుతా. ఏడాదంతా ఊరి ముందర అన్నారు. ఇప్పుడు తలదించుకోని పిల్లనిస్తే పెండ్లిలో ఆయన నవ్వరు. ఆయన నవ్వకపోతే నువ్వు నవ్వవు. నువ్వు నవ్వని పెండ్లి నాకెందుకు?"

"నువ్వు మంచితనంతో ఊరేగుతాండు. ఈడ కోలారు సంబంధం వాళ్ళు దసరా పోతూనే చూసేదానికి వస్తాండారు."

వినుత ముక్కు చీదుకుని, గొంతు తగ్గించింది. "విను. ఆయుధపూజకు మా అంగడికి రా. నాయన మళ్ళీ అదే పని చేస్తారు. ఎవరమూ ఏమీ చెప్పొద్దు. ఆ సూది ఆయన కళ్ళ ముందరే విరగనీ. నువ్వు చేసేది ఒకటే. నోరు మూసుకోని సుమ్నే ఉండు. ఉంటావా?"

"ఉంటా" అన్నాడు చిన్మయ్.

*

ఆయుధపూజ రోజు అంగడి పెండ్లిపందిరిలా ఉంది. గడపకు అరటి పిలకలు, చేమంతి దండలు. బయట స్కూటరు చక్రాల కింద నిమ్మకాయలు. లోపల బల్ల మీద తక్కెడ, సుత్తి, కాలిక్యులేటర్, చివర రికార్డు ప్లేయరు. ఆంజనేయప్ప బొరుగుల కోసం ముందే వచ్చి కూర్చున్నాడు. సూది చూసే నెపంతో వచ్చిన చిన్మయ్ బల్ల పక్కన నిలబడ్డాడు. పట్టుపంచె కట్టిన గోవిందప్ప హారతి పొగకు మసకబారిన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, వరుసగా బొట్లు పెట్టుకుంటూ వచ్చాడు. ఆయన భార్య యశోదమ్మ పళ్ళెం పట్టుకుని వెంట నడిచింది.

ప్లేయరు దగ్గర ఆగాడు. వేలికి గంధం, దాని మీద కుంకుమ నిండుగా అద్దుకున్నాడు.

"ఈ పిల్లోడు చెప్పినవాటిల్లో ఒక్కటి మాత్రం నిజం. దీనికి ప్రాణమంతా సూదిలోనే ఉండాదంట. ప్రాణం ఉండే చోటనే బొట్టు పెట్టాల."

చిన్మయ్‌కి అప్పుడు వెలిగింది. ఓరి దేవుడా, పోయినేడు బొట్టు అక్కడికి వెళ్ళింది తన మాటను పట్టుకునా!

వేలు కిందికి దిగుతోంది. ఎదురుగా వినుత కళ్ళు, సుమ్నే ఉండు, సుమ్నే ఉండు అంటున్నాయి. ఒక్క క్షణం ఓర్చుకుంటే నింద పోతుంది, కోలారు సంబంధం పోతుంది, వినుత తనదవుతుంది. చిన్మయ్ పళ్ళు బిగించాడు. కానీ ఆ సూది వెనకున్న నాలుగు తీగలూ వినుత ఎక్కించినవి. ఊపిరి బిగబట్టి ఇద్దరూ తూచి కూర్చోబెట్టిన సూది అది.

"మామా! సూది!"

అరుపుతో పాటు మనిషి కూడా ముందుకు దూకాడు. బొరుగుల పళ్ళెం ఎగిరి ఆంజనేయప్ప ఒళ్ళో పడింది. గోవిందప్ప వేలు సూదికి గోరంత దూరంలో ఆగిపోయింది.

వినుత రెండు చేతులతో తల పట్టుకుంది.

గోవిందప్ప మెల్లగా కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. వంగి సూదిని చూశాడు. ఆ పిల్లి మీసమంత కడ్డీని ఆయన అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. తర్వాత తన బొటనవేలంత లావున్న వేలును చూసుకున్నాడు.

"వినుతా, పోయినేడు విరిగిన సూది... దానిమీద ఏమన్నా ఉండెనా?"

"కుంకుమ ఉండె నాయనా."

"ఇతనికి తెలుసా?"

"ఆ రోజు నుంచే తెలుసు. నేనే చెప్పొద్దన్నా."

గోవిందప్ప చిన్మయ్ వైపు తిరిగాడు. "ఇంతకాలం నాచేత తిట్లు తింటివి. ఇప్పుడు ఒక్క నిమిషం సుమ్నే ఉండుంటే నీమీద నింద పోయేది కదప్పా. ఎందుకు అరిచినావు?"

"సూది ఏం పాపం చేసింది మామా?"

గోవిందప్ప కళ్ళు చెమర్చాయి. వేలు ఇంకా గాల్లోనే ఉంది.

"పెట్టేది యాడో ఒక చోట పెట్టండి. వేలిమీదే ఎండిపోతాండాది" అంది యశోదమ్మ.

గోవిందప్ప ఆ వేలిని చిన్మయ్ నుదుటి మీద ఆనించి, గట్టిగా బొట్టు పెట్టాడు.

"ఏయ్ ఆంజనేయప్పా!" అన్నాడు బజారంతా వినపడేట్టు. "రాసి పెట్టుకో. సూది విరిచింది నేను. దాన్ని కాపాడింది మా అల్లుడు. ఊర్లో అందరికీ చెప్పు."

"చెప్తాలేప్పా. ముందు నాకు వేరే బొరుగులు ఇప్పించు" అన్నాడు ఆంజనేయప్ప.

గంధం మరీ ఎక్కువై చిన్మయ్ ముక్కు మీదికి జారింది. తుడుచుకోవాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాడు. వినుత వచ్చి పక్కన నిలబడి, అతని ముఖం చూసి ఫక్కున నవ్వింది. ఆ పక్కనే గోవిందప్ప, పంచె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, కూతురి కన్నా గట్టిగా నవ్వుతున్నాడు.