ఆరి వెలిగిన పేరు

"నన్ను పోలీసులకి పట్టిస్తారంటండీ!"

రాజమండ్రిలో డిటెక్టివ్ మాణిక్యాంబ గుమ్మంలో నిలబడి ఉంది ప్రణతి. భీమవరంలో దుర్గాప్రసాదరాజుగారి రొయ్యపిల్లల హేచరీకి వెబ్ పేజీ చేసింది ఈ పిల్లే. నిన్న ఆ పేజీలో "మా సీడుకి తెల్లమచ్చ తెగులుంది" అన్న మాట పుట్టింది. పాస్‌వర్డ్ తెలిసింది రాజుగారి ఇంటివాళ్ళకీ, ఈమెకీ. ఆడపిల్ల, పైగా జీతానికి చేసేది. నింద వెయ్యడానికి ఇంకేం కావాలి?

మాణిక్యాంబ ఆమెని కారెక్కించుకుంది. భీమవరం దారిలో చెరువులెక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో అసిస్టెంటు ఏసుపాదానికి తెలియలేదు. కారు నీళ్ళ మీదే పోతున్నట్టుంది.

హేచరీ లోపలి గదిలో ఒకటే కంప్యూటరు. తెర మీద స్వాగతవాక్యం చేపలా ఈదుతోంది. దాని కింద తెగులు మాట, ఆ కింద రాజుగారి పేరు, కదలకుండా ఉన్నాయి. ఏసుపాదం చాలాసేపు చూశాడు.

వరండాలో రాజుగారి బావమరిది శ్రీనివాసరాజు కూర్చున్నాడు. ఉండేది కాకినాడ. పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళలో ఈయనా ఒకరు.

"పేజీ ఎక్కడ చూశారండి?" అంది మాణిక్యాంబ.

"నిన్న ఇక్కడే. ఇంకెక్కడా చూళ్ళేదండి. బావ పేరు ఆరుతూ వెలుగుతూ... కల్లో కూడా అదేనండి!"

"స్వాగతం అప్పుడు పరిగెడుతోందా?"

"పరుగేంటండి, మేకు కొట్టినట్టుంటేను!"

మాణిక్యాంబ అందర్నీ లోపలికి పిలిచింది.

"పేజీ రాయడానికి వాడే గుర్తుల్లో బ్లింక్ అనే ట్యాగ్ ఉందండి. వేళాకోళానికి పుట్టిందంటారు. నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో చూస్తే అక్షరాలు ఆరి వెలుగుతాయి, ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్ దాన్ని లెక్కచెయ్యదు. మార్కీ ట్యాగ్ దీనికి ఎదురు. ఎక్స్‌ప్లోరర్‌లో పరిగెడుతుంది, నెట్‌స్కేప్‌లో నిలబడిపోతుంది. ఇక్కడున్నది ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే. ఇందులో పేరు మెరవదు, స్వాగతం నిలబడదు."

రాజుగారు బావమరిది వైపు తిరిగారు. "నీ కంప్యూటర్లో నెట్‌స్కేప్ వేయించింది నేనే కదరా!"

"నింద ఒక్కటే మెరవాలని రాశారు," అంది మాణిక్యాంబ. "తెరిచిన ట్యాగ్ మూయడం మరిచారు. అందుకే కిందున్న పేరూ మెరిసింది. అది చూసింది మీరొక్కరే, మీ కాకినాడ కంప్యూటర్లో."

శ్రీనివాసరాజు తల దించాడు. "ఎన్నాళ్ళు నీ నీడలో ఉండను బావా? సొంత హేచరీ పెట్టుకుంటున్నా."

రాజుగారు ప్రణతి వైపు తిరిగారు. "అమ్మాయ్, ఆ మాట తీసెయ్యమ్మా."

"తీస్తానండి. నన్ను దొంగన్న మాట ఎవరు తీస్తారు?"

బయట చెరువుల మీద పొద్దు కుంకుతోంది.

"తప్పు నాదేనని రాయి," అన్నారాయన చివరికి.

"బ్లింక్‌లో పెట్టమంటారా?" అన్నాడు ఏసుపాదం.

"వద్దండి. ఈ ఊళ్ళో అందరూ చూసేది ఎక్స్‌ప్లోరర్‌లోనే," అంది ప్రణతి. "పరిగెత్తిద్దాం."

రాజుగారి క్షమాపణ తెర కుడి అంచున తల ఎత్తి, మెల్లగా ఈదడం మొదలుపెట్టింది. ట్యాగ్ మూయడం మాత్రం ప్రణతి మరవలేదు.