ఎనిమిది అక్షరాలకు అవతల

"సార్, నా చేతిమీదనే పోయింది గని, నేను దొంగను కాను."

కామారెడ్డి ప్రైవేట్ డిటెక్టివ్ పర్శరాములు ముందు బిల్కిస్ నిలబడింది. ఎల్లారెడ్డి కంప్యూటర్ సెంటర్‌లో టైపిస్టు. పల్లెపాటల లక్ష్మీనర్సమ్మ ఆరు నెలలు పాడుతుంటే విని, నూట పన్నెండు పాటలను ఒకే ఫైలులో టైపు చేసింది ఆమే. కిందటి నెల ముసలమ్మ చనిపోయింది. కూతురు యాదవ్వ అచ్చు కోసం వస్తే పాటలు లేవు.

"క్యాసెట్లోళ్లకు అమ్ముకున్ననట. రేపు ఠాణాల ఫిర్యాదు ఇస్తదట."

"ఆఖరిసారి ఏం చేసినవమ్మా?"

"పాత కంప్యూటర్లకెల్లి కొత్తదాంట్లకు పంపిన. ఫైళ్ల పేర్లు కొత్తదానికి తగ్గట్టు మార్చే కమాండ్ మా సెంటర్ జమీరన్న రాసిండు. సెంటర్ల ఉన్న నలభై ఒక్క ఫైళ్లకు నలభై ఒక్క ఓకేలు వచ్చినయి. అందుకే పాతది తుడిచేసిన."

పర్శరాములు సహాయకురాలు బాలలక్ష్మి ఆ అంకె రాసుకుంది.

మధ్యాహ్నానికి ముగ్గురూ ఎల్లారెడ్డి చేరారు. కొత్త కంప్యూటర్‌లో బాలలక్ష్మి లెక్కపెట్టింది. నలభయ్యే. 'లక్ష్మీనర్' అన్న ఫైలు తెరిస్తే, ఎవరో లక్ష్మీనర్సయ్య బోరు దరఖాస్తు.

పర్శరాములు యాదవ్వనూ, సెంటర్ నడిపే జమీర్‌నూ పిలిపించి కత్తెర అడిగాడు. రెండు కాగితాలపై లక్ష్మీనర్సమ్మ, లక్ష్మీనర్సయ్య పేర్లు ఇంగ్లీషులో రాశాడు: LAXMINARSAMMA, LAXMINARSAYYA.

"పాతదాంట్ల పొడుగు పేర్లు పట్టేటివి, కొత్తదాంట్ల పేరుకు ఎనిమిది అక్షరాలే పడతయి." కత్తిరించాడు. 'సమ్మ', 'సయ్య' నేలమీద పడ్డాయి. చేతిలో రెండూ ఒకటే. "అమ్మ పాటలు ముందు పోయినయి. అయ్య దరఖాస్తు వాటిని చెరిపి ఆ జాగల కూసున్నది. పేరు కలిస్తే కమాండ్ ఆగి చెప్పాలె. ఎందుకు చెప్పలేదు జమీరూ?"

జమీర్ తల దించుకున్నాడు. "చెప్పేది సార్. మన దిక్కు అన్నీ లక్ష్మీలే, నర్సింలే. పేరు పేరుకు ఆగి కుయ్యిమంటుంటే వచ్చినోళ్లు నవ్విన్రు. ఏమైనా సరే ఓకే అనమని రాసిన."

"మరి గీ పిల్ల మీద పడితిమి గదయ్యా!" యాదవ్వ బిల్కిస్ చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, ఏమన్న యాదికున్నదా?"

బిల్కిస్ ఒక పాట ఎత్తుకుంది. మూడో చరణం దగ్గర ఆగింది. మళ్లీ మొదటి నుంచి పాడినా అక్కడే ఆగింది.

తిరుగు బస్సులో బాలలక్ష్మి ఉండబట్టలేకపోయింది. "కేసు తేలింది గద సార్, గట్ల ఉన్నరేంది?"

పర్శరాములు కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"ఆ పిల్ల దొంగే అయితే బాగుండు బాలలక్ష్మీ. దొంగ దగ్గరైతే సొత్తు దొరుకుతుండె."